ముక్కు సర్జరీ తర్వాత ఆకారం ఎందుకు చెడుతుంది?

తిరుపతిలో ముక్కు సర్జరీ చేయించుకుని మూడు నెలలైనా కొనకు పైభాగం ఉబ్బి, చిలుక ముక్కులా కనిపిస్తోందని, ఇది ఇలాగే ఉండిపోతుందా అని మీరు అడిగారు. ఇప్పుడే తేల్చి చెప్పడం తొందరపాటవుతుంది. కొన దగ్గరి వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది, చర్మం మందంగా ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

నిజమైన లోపాలకు తరచుగా కారణమయ్యేది మృదులాస్థిని (మెత్తటి ఎముకను) అవసరానికి మించి తొలగించడమే. ముక్కు లోపలి మధ్యగోడకు పైఅంచునా ముందంచునా కనీసం 10 మిల్లీమీటర్ల పట్టీని ఆసరాగా మిగల్చకపోతే ముక్కు నడుమ జీనులా కుంగిపోతుంది. ఆ మధ్యగోడను మనవాళ్లు దూలం అన్నది ఊరికే కాదు. కొనకు ఆసరా తగ్గినా, లోపల గాయపు మచ్చ గట్టిపడి పేరుకున్నా మీరు చెప్పిన చిలుక ముక్కు ఏర్పడుతుంది.

నివారణలో పెద్ద పాలు సర్జన్ అనుభవానిదే. మీ వంతుగా పొగ మానాలి, స్ప్లింటును (ముక్కుపై వేసే గట్టి కట్టును) డాక్టరు తీసేదాకా కదపకూడదు, సర్జరీ తర్వాత నెలన్నర పాటు కళ్లజోడు బరువు ముక్కుపై మోపకూడదు. అలిపిరి మెట్లెక్కడం, మోచేతులు తగిలే దర్శనం క్యూ కూడా ఆ నెలన్నర వాయిదా వేసుకోవడం మంచిది. సరిదిద్దే సర్జరీని సాధారణంగా ఏడాది నిండాకే చేస్తారు. అయితే ముక్కు ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే మాత్రం ఆగకుండా వెంటనే చూపించుకోండి.