తల వంచి ఇల్లు లేదన్న మనిషి గురించి: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మా,

ఆశీస్సులు. టోక్యో నుంచి నువ్వు పంపిన కథ శ్రద్ధగా చదివాను. నిషికసాయిలో ఒక తెలుగు ఇంజనీరుకు అద్దె ఇల్లు దొరకకపోవడం గురించి ఎవరో ఒకరు రాయవలసిందే, నువ్వు రాశావు. 2000 ప్రాంతంలో కంప్యూటర్ల పనికి వెళ్లిన మన దేశం వాళ్లు నిషికసాయి ఉన్న ఎడొగావా వార్డులో కాపురాలు పెట్టి పాతికేళ్లయింది. 2019లో పురాణిక్ యోగేంద్ర అనే భారత సంతతి మనిషి అక్కడి వార్డు సభకు ఎన్నికయ్యారు కూడా. అయినా మన కథల్లో పరదేశమంటే ఎక్కువగా అమెరికాయే. నీ కథ నిలబడాలని కోరుకుంటున్నాను కనుక మొహమాటపడకుండా చెబుతాను.

నీ కథలో అద్దె ఇళ్లు చూపించే ఏజెంటు వెటకారంగా నవ్వుతాడు, కాగితాలు బల్ల మీదికి విసురుతాడు, మీ దేశం వాళ్లు మురికి అంటాడు. అలాంటివాళ్లు జపాన్‌లో లేరని అనను. కొరియన్లను తిడుతూ వీధుల్లో ఊరేగినవాళ్లు ఉండబట్టే 2016లో విద్వేష ప్రసంగాల మీద చట్టం వచ్చింది. దానిలో శిక్షలు లేకపోవడంతో, కవాసకి నగరం తనే 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా ఉండే నిబంధన చేసుకుంది. కానీ నీ ఇంజనీరుకు ఎదురయ్యేది ఆ ఊరేగింపు మనిషి కాదు. ఆ ఏజెంటును పక్కన పెట్టి, నిజంగా ఏం జరుగుతుందో రాయి.

నిజంగా జరిగేది ఇలా ఉంటుంది. ఏజెంటు కూర్చోబెట్టి టీ ఇస్తాడు. ఇళ్ల నమూనాలు ఓపిగ్గా చూపిస్తాడు. నచ్చిన ఇల్లు చెప్పగానే నీ ఎదుటే యజమానికి ఫోను చేస్తాడు. "విదేశీయులండీ, అయితే జపనీస్ బాగా మాట్లాడతారు, పెద్ద కంపెనీలో ఉద్యోగం" అని బతిమాలుతున్నట్టే చెబుతాడు. ఆ "అయితే" దగ్గర ఆగు. మన పక్షాన మాట్లాడుతున్న మనిషి నోటనే, మనం మామూలుగా నమ్మదగినవాళ్లం కాదన్న సంగతి ఒప్పుకోలుగా వచ్చేసింది. అది అతనికి తెలియదు. ఫోను పెట్టేసి తల వంచి క్షమాపణ చెబుతాడు, మనసారానే చెబుతాడు. నీ ఇంజనీరు ధన్యవాదాలు చెప్పి బయటికి వస్తాడు. కోపం ఎవరి మీద చూపాలో తెలియని మనిషి ఆ సాయంత్రం ఎలా గడుపుతాడో రాయి. కథ బలమంతా అక్కడుంది.

ఫోనుకు అవతల ఉన్న యజమానికి కూడా ఒక పేజీ ఇవ్వు. ఆమె పెద్దావిడ అనుకుందాం, చనిపోయిన భర్త మిగిల్చిన ఆ చిన్న భవనం అద్దెల మీద బతుకుతోంది. చెత్తను రోజువారీగా వేరుచేసి పెట్టరని, రాత్రిళ్లు గోల చేస్తారని, వంట వాసన గోడలకు పట్టేస్తుందని, అద్దె ఎగ్గొట్టి దేశం దాటిపోతారని ఆమె భయం. ఇవన్నీ ఎవరో చెప్పగా విన్నవే, ఒక్క విదేశీయుడికీ ఆమె ఇల్లు ఇచ్చి చూడలేదు. అదే ఆవిడ దారి తప్పిన పర్యాటకుణ్ని చేయి పట్టుకుని స్టేషను దాకా దిగబెడుతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో పాఠకుడికి కనబడాలి.

జపాన్ న్యాయ మంత్రిత్వ శాఖ 2016 చివర్లో విదేశీ నివాసుల మధ్య సర్వే చేయించింది. 4,252 మంది జవాబిచ్చారు. అంతకు ముందు అయిదేళ్లలో ఇల్లు వెతుక్కున్నవారిలో 39.3 శాతం మందిని విదేశీయులన్న కారణంతో కాదన్నారు. 26.8 శాతం మంది విదేశీయులకు ఇవ్వబడదన్న షరతు చూసి తామే విరమించుకున్నారు. ఈ అంకెలు కథలో పెట్టమని చెప్పడం లేదు, నువ్వు ధైర్యంగా రాయడానికి చెబుతున్నాను. లెక్కలో ఇంత స్పష్టంగా కనబడే వివక్ష ఒక్క మనిషి అనుభవంలో ఎప్పుడూ అనుమానంగానే మిగులుతుంది. రైలు కిక్కిరిసి ఉన్నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. నన్ను చూసేనా? లేక వాళ్లు తర్వాతి స్టేషనులోనే దిగిపోతారా? రుజువు లేదు. ఎవరితోనైనా అంటే, అతిగా ఆలోచిస్తున్నావంటారు. ఆ సందేహాన్ని తేల్చేయకు, కథ చివరిదాకా మోయనివ్వు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది: ఆ ఇల్లాలు కిటికీలన్నీ మూసి తాలింపు వేయడం. నీ కథలో అన్నిటికన్నా గొప్ప చోటు అది. ఎవరూ వద్దనలేదు, ఫిర్యాదూ రాలేదు. అయినా ఇంగువ డబ్బా తెరవడానికి ఆమె వెనకాడుతోంది. ఇతరుల భయం మన వంటింట్లోకి ఎలా వచ్చి కూర్చుంటుందో చెప్పడానికి అంతకు మించిన సన్నివేశం నాకు తోచడం లేదు. దాన్ని పెంచు.

జపాన్ అంతా ఒకే జాతి, ఒకే ముఖం అని మొదటి పేజీలో రాసేశావు. అక్కడ ఉత్తరాన ఆదివాసులైన ఐనూలున్నారు, దక్షిణ దీవులైన ఒకినావా వాళ్లున్నారు. నాలుగో తరం కొరియన్లున్నారు, ఒసాకాలో పుట్టి జపనీస్ తప్ప మరో భాష రాకపోయినా పౌరులు కానివాళ్లు, బడిలో ఉద్యోగంలో జపనీస్ పేరుతో మెలగవలసి వచ్చినవాళ్లు. 2016లో మిస్ వరల్డ్ జపాన్‌గా ఎన్నికైన ప్రియాంకా యోషికావా టోక్యోలోనే పుట్టింది. తండ్రి భారతీయుడు కావడంతో, ఆమె నిజమైన జపనీసేనా అని అడిగినవాళ్లున్నారు. నీ కథానాయకుడి బాధ వీళ్ల బాధ పక్కన కూర్చోవాలి.

అతనికీ ఒక పక్షపాతం ఉండనీ. వియత్నాం నుంచి వచ్చిన ఫ్యాక్టరీ శిక్షణార్థులతో తనను కలిపి చూస్తున్నారని అతనికి ఉక్రోషం రావచ్చు, మేం చదువుకున్నవాళ్లం అనవచ్చు. హైదరాబాదులో తన సొంత ఫ్లాటుకు అద్దెవాళ్లను వెతుకుతూ తల్లి ఫోను చేస్తుంది. కులమేమిటో, మాంసం తింటారో లేదో కనుక్కున్నావా అని అతను అడుగుతాడు. టోలిచౌకీలో ఆఫ్రికా విద్యార్థులు ఇల్లు వెతుక్కుంటూ వినే మాటలు మన పాఠకులకు తెలియనివా? వ్యాఖ్యానం లేకుండా ఆ ఫోను సంభాషణ మాత్రం రాయి.

ముగింపులో అతను కోర్టుకు వెళ్లి గెలుస్తాడు. అలాంటి తీర్పులున్న మాట నిజమే: ఉత్తర జపాన్‌లోని ఒతారు ఊళ్లో విదేశీయులను రానివ్వని స్నానశాల మీద వేసిన దావాలో 2002లో సప్పోరో కోర్టు ముగ్గురికి తలా 10 లక్షల యెన్‌ల పరిహారం ఇప్పించింది. అక్కడ గుమ్మం దగ్గర నిషేధం బాహాటంగా ఉంది. నీ కథలో ఉన్నది మర్యాదగా సాగిన ఒక ఫోను మాట. దాని మీద దావా ఎలా వేస్తాడు? కోర్టు భాగం తీసేసి మరో ఏజెంటు దగ్గరికి పంపు. ఈసారి నీ ఇంజనీరే ముందుగా, "విదేశీయుణ్నే, అయితే జపనీస్ వచ్చు" అని మొదలుపెట్టనీ.

తిరగరాసిన ప్రతి పంపు. తొందరేమీ లేదు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు