చిన్నప్పుడే ఎత్తుకొచ్చారని తెలిసే థ్రిల్లర్లు మూడో ఎపిసోడ్‌కే ఎందుకు తేలిపోతాయి?

మీరు చెప్పిన సిరీస్ ఇది: ఎనిమిది ఎపిసోడ్‌లు. ఇరవయ్యేడేళ్ల అమ్మాయి తప్పిపోయిన పిల్లల వెబ్‌సైట్‌లో తన చిన్నప్పటి ముఖం చూసుకుంటుంది. మొదటి రెండు ఎపిసోడ్‌లు కళ్లార్పకుండా చూశారు. మూడో దాంట్లోనే డీఎన్ఏ రిపోర్టు వచ్చేసింది. ఇక అక్కణ్నుంచి ఛేజింగులు, ఒక ముఠా, చివర్లో ఎక్కణ్నుంచో కవల చెల్లెలు. కథ ఎక్కడ చెడింది, నిజంగా ఇలాంటివి ఎలా బయటపడతాయి అని అడిగారు. స్క్రిప్టులు చదివి ఎక్కడ అతకలేదో చెప్పడమే నా పని కాబట్టి కాస్త విడమరిచే చెబుతాను.

కథ చెడింది మొదటి ఎపిసోడ్‌లో. 'నన్ను ఎత్తుకుపోయింది ఎవరు?' అన్నదాన్నే ప్రశ్నగా పెట్టుకుని రాశారు. ఈ రకం కథ చూడ్డానికి కూర్చున్నవాడికి దానికి జవాబు పదో నిమిషంలోనే తెలిసిపోతుంది, ఆ అమ్మాయిని పెంచిన మనిషి తెరమీదే తిరుగుతూ ఉంటుంది కదా. ఆ సస్పెన్స్ అయిపోగానే చేతిలో ఇంకేమీ ఉండదు. అందుకే ముఠాలు, కవలలు దిగుతారు. పట్టు ఉన్న ప్రశ్న వేరే: తెలిసింది, ఇప్పుడు ఎవరికి చెప్పాలి? చెబితే పెంచిన అమ్మ జైలుకెళ్తుంది. చెప్పకపోతే కన్నవాళ్లు ఇంకా వెతుకుతూనే ఉంటారు. ఈ రెంటి మధ్య నలిగే మనిషితో ఎనిమిది ఎపిసోడ్‌లు హాయిగా నడుస్తాయి.

నిజంగా జరిగిన మూడు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. 1987 ఆగస్టులో న్యూయార్క్ హార్లెమ్ హాస్పిటల్ నుంచి 19 రోజుల పాపను ఎత్తుకెళ్లారు. ఆ అమ్మాయికి అనుమానం తగిలింది 2005లో, తను గర్భవతిగా ఉన్నప్పుడు. వైద్య సాయానికి జనన ధృవీకరణ పత్రం కావాలన్నారు, పెంచినామె దగ్గర సరైనది లేదు. నిలదీస్తే నేను నీ కన్నతల్లిని కాదని ఒప్పుకుంది. కానీ ఎత్తుకొచ్చానని చెప్పలేదు, మత్తుకు బానిసైన ఎవరో నిన్ను నాకు వదిలేసి పోయారంది. మరో అయిదేళ్లకు ఆ అమ్మాయి తప్పిపోయిన పిల్లల ఫొటోలు వెతికి తనను తాను కనుక్కుంది. 2011 జనవరిలో డీఎన్ఏ ఖాయం చేసింది.

రెండోది ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, 1998 జులైలో, పుట్టిన కొన్ని గంటలకే మాయమైన పాప. 2017 జనవరిలో, పద్దెనిమిదేళ్ల వయసులో, పక్క రాష్ట్రం దాటి సౌత్ కరొలైనాలో దొరికింది. మూడోది కేప్‌టౌన్, 1997. మూడు రోజుల పాప. పదిహేడేళ్లకు 2015లో బయటపడింది, అదీ ఎలాగంటే తన సొంత చెల్లెలు అదే బడిలో చేరింది. ఇద్దరూ అచ్చు గుద్దినట్టున్నారని తోటిపిల్లలే గమనించారు. ఇదే ఎవరైనా స్క్రిప్టులో రాసుకొస్తే 'మరీ సినిమాటిక్‌గా ఉంది' అని కొట్టేస్తాం.

మూడింట్లోనూ ముఠా లేదు, కోట్ల బేరం లేదు. అమెరికాలోని తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం ఇలాంటి కేసులన్నీ చూసి ఆసుపత్రుల కోసం ఒక వర్ణన తయారుచేసింది: ఎత్తుకెళ్లేది ఎక్కువగా బిడ్డను కనే వయసులో ఉన్న ఆడమనిషి. చాలాసార్లు ముందునుంచే గర్భం నటిస్తూ ఉంటుంది. ప్రసూతి వార్డుకు ముందే ఒకటి రెండుసార్లు వచ్చి అక్కడి పద్ధతులు ఆరా తీస్తుంది. నర్సు వేషంలో వస్తుంది. బిడ్డ చేతికొచ్చాక ప్రేమగానే పెంచుతుంది. జాక్సన్‌విల్ కేసులో పెంచినామె తనకు అంతకుముందు గర్భం పోయిందని కోర్టులో చెప్పింది. శిక్షలూ ఒక తీరుగా లేవు: హార్లెమ్ కేసులో 12 ఏళ్లు, జాక్సన్‌విల్‌లో 18, కేప్‌టౌన్‌లో 10. విలన్‌గా చూపించడానికి చీకటి గోడౌన్ అక్కర్లేదు, జడ వేసి బడికి పంపే మనిషే చాలు. మీ సిరీస్‌లో ఆ పాత్రను మూడో ఎపిసోడ్ చివర చంపేశారన్నారు చూడండి, అక్కడితో సిరీస్ ప్రాణమే పోయింది. హీరోయిన్ ఎదురుగా కూర్చుని అడగాల్సిన మనిషి ఆమె.

ఇక అబద్ధం. హార్లెమ్ కేసులోలాగే కేప్‌టౌన్‌లో కూడా 'ఎవరో ఇచ్చారు' అన్న మాటే వచ్చింది. ఇది రచయితకు దొరికిన బంగారం. మొదటి నిజం బయటపడగానే దాని కింద రెండో అబద్ధం మొదలవుతుంది, అది నమ్మేలా కూడా ఉంటుంది. చట్టప్రకారం కాకపోయినా దత్తత లాంటిదేలే అనుకుని ఆ అమ్మాయి ఊరట పడుతుంది, అమ్మను వెనకేసుకొస్తుంది కూడా. ఈ ఊరటకే రెండు ఎపిసోడ్‌లు ఇవ్వొచ్చు. మీ సిరీస్‌లో ఒక్క సీన్ కూడా ఇవ్వలేదు.

ఫొటో చూసి గుర్తుపట్టే సీను దగ్గర చాలామంది తడబడతారు. మూడేళ్లప్పుడు మన ముఖం ఎలా ఉండేదో మనకు గుర్తుండదు, ఆల్బమ్‌లో చూసిన ఫొటోలే గుర్తుంటాయి. కాబట్టి వెబ్‌సైట్‌లోని ముఖాన్ని ఆమె గుర్తుపట్టాలంటే దాదాపు అదే వయసు ఫొటో ఇంట్లో ఉండి తీరాలి, దాన్ని మొదటి ఎపిసోడ్‌లోనే మామూలుగా గోడమీద చూపించి ఉండాలి. లేదా ముఖం వదిలేసి మచ్చ, గౌను, చేతిలో బొమ్మ పట్టుకోవాలి. పాలడబ్బాల మీద తప్పిపోయిన పిల్లల ఫొటోలు అచ్చువేసే పాత పద్ధతి ఇప్పటి కథలో పెడితే నప్పదు. అది 1984లో అయోవాలో మొదలై, మరుసటేడు అమెరికా అంతటా పాకి, ఆ దశాబ్దం దాటేలోపే సన్నగిల్లింది. వయసు పెంచి గీసిన బొమ్మలతో కూడా జాగ్రత్త. ఆ జాతీయ కేంద్రం వాటిని పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి కొత్తగా గీయిస్తుంది. గీసేటప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువులు అదే వయసులో ఉన్న ఫొటోలు పక్కన పెట్టుకుంటారు. అంటే బొమ్మలో ఉన్నది సగం ఆ కుటుంబం ముఖం. హీరోయిన్ అచ్చం బొమ్మలా ఉంటే నమ్మకం కలగదు. బొమ్మలోని గడ్డం, కనుబొమలు ఆమె ఎన్నడూ చూడని ఎవరివో అయితే ఒళ్లు జలదరిస్తుంది.

నన్నడిగితే ఫొటో కన్నా కాగితాలు బలమైన ఆధారం. ఇంట్లో ఉండాల్సినవి లేకపోవడమే క్లూ. ఆసుపత్రి చేతిపట్టీ లేదు. మొదటి మూడు నెలల ఫొటో ఒక్కటీ లేదు. టీకాల కార్డు తీసి చూపించండి: వేర్వేరు తేదీల్లో వేసిన అయిదు టీకాలు, అయిదూ ఒకే పెన్నుతో, ఒకే వాలు చేతిరాతతో, తేదీ కొట్టివేత ఒక్కటీ లేకుండా. నిజమైన కార్డులో నాలుగు చేతిరాతలు, రెండు రంగుల సిరాలు, ఒక కాఫీ మరకైనా ఉంటాయి. కెమెరా ఆ కార్డు మీద నాలుగు సెకన్లు నిలిస్తే చాలు, డైలాగ్ అక్కర్లేదు. తర్వాత పాస్‌పోర్టు, ఉద్యోగం, కాన్పు లాంటి ఏదో ఒక అవసరం ఆ కాగితాన్ని కార్యాలయం బల్లమీదికి తెస్తుంది. అక్కడ కూర్చున్న గుమస్తా 'ఈ నంబరు మా రిజిస్టర్‌లో లేదు' అంటాడు. ఈ ఒక్క వాక్యానికి పది ఛేజింగులు సాటిరావు.

డీఎన్ఏ సీన్లలో తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేచోట జరుగుతాయి. దువ్వెనలోంచి రాలిన వెంట్రుక తీసి కవర్లో వేస్తారు, తెల్లారేసరికి రిపోర్టు. మామూలు తల్లీబిడ్డల పరీక్షకు వెంట్రుక కుదురుతో సహా ఉండాలి. కుదురు లేని వెంట్రుకలోంచి తేలిగ్గా దొరికేది మైటోకాండ్రియా డీఎన్ఏ. అది తల్లి వైపు వంశం చెబుతుంది కానీ ఫలానా తల్లీ అని చెప్పదు, మేనమామకూ అదే ఉంటుంది. టూత్‌బ్రష్ అంతకన్నా మేలు. అన్నిటికన్నా మేలైనది బుగ్గ లోపల దూది పుల్ల: అరగంట ముందునుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. రెండు బుగ్గల్లో అరనిమిషం చొప్పున రుద్దాలి, ఆరనివ్వాలి, కాగితం కవర్లోనే పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ నిలిచి బూజు పట్టి నమూనా పాడవుతుంది. తెరమీద ఎప్పుడు చూసినా జిప్ సంచే కనబడుతుంది.

రిపోర్టు చదవడమూ అంతే. డీఎన్ఏలో ఎంచుకున్న చోట్ల ఒక్కో చోటా రెండేసి అంకెలుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక చోట అమ్మాయివి 12, 14 అనుకోండి. కన్నతల్లికి ఆ రెంటిలో ఒకటైనా ఉండాలి. పెంచినామెవి 11, 13. కలవలేదు. కానీ ఒక్కచోట కలవకపోతే తల్లి కాదని తేల్చరు, అంకె మారే ఉత్పరివర్తనలు అప్పుడప్పుడూ జరుగుతాయి. చాలాచోట్ల కలవకపోతేనే తేలుస్తారు. ఇది థ్రిల్లర్‌కు ఎంత పనికొస్తుందో చూడండి: మొదటి పేజీలో ఒక తేడా కనబడింది, ఆమె ఆశ చావలేదు, పేజీ తిప్పింది, ఇంకో నాలుగు. ఇంట్లో చేసుకున్న పరీక్ష కోర్టులో చెల్లదన్నది మరో మలుపు. ఎవరి నమూనాయో గుర్తింపు చూసి, సాక్షి ముందు తీసినదే చెల్లుతుంది. అంటే రెండోసారి పెంచినామెను అడిగి తీసుకోవాలి. ఆమె నోరు తెరుస్తుందా లేదా అన్నది ఒక ఎపిసోడ్‌కు సరిపడా క్లైమాక్స్.

డీఎన్ఏ పోల్చి బంధువులను చూపించే వంశవృక్షం సైట్ల పరీక్ష వాడితే ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ ఎదురుచూపు కథకు లాభమే. ఇద్దరి మధ్య ఎంత డీఎన్ఏ కలిసిందో సెంటీమోర్గాన్లలో కొలుస్తారు: కన్నతల్లితో దాదాపు 3,400 కలుస్తాయి, సొంత తోబుట్టువుతో సుమారు 2,600, పినతల్లి బిడ్డతో 850కి అటూఇటూ. ముందు వచ్చేది తల్లి పేరు కాకుండా ఊరూపేరూ తెలియని ఆ 850 అయితే బాగుంటుంది. ఆ మనిషికి మెసేజ్ పెట్టాలా వద్దా?

ఫ్లాష్‌బ్యాక్‌ల సంగతి. మీ సిరీస్‌లో హీరోయిన్‌కు ఏడాదిన్నర వయసు నాటి కారు నంబరు కలలో కనబడుతుందన్నారు. పెద్దయ్యాక గుర్తుండే తొలి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నర ఏళ్ల వయసుది. అంతకుముందువి అలా బొమ్మ కట్టినట్టు మిగలవు. పైగా జ్ఞాపకాన్ని నాటవచ్చు: 1995లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, పిక్రెల్ కలిసి 24 మందికి, చిన్నప్పుడు మీరు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారని జరగని సంగతి చెబితే, సుమారు నాలుగోవంతు మంది అది కొంతో పూర్తిగానో గుర్తుందన్నారు. కాబట్టి హిప్నాటిస్టు దగ్గరికి పంపే సీను రాస్తే, అక్కడ దొరికిన జ్ఞాపకం తప్పని తేలాలి. అదే మంచి ట్విస్ట్. ఎత్తుకెళ్లిన వయసు ఏడేళ్లయితే కథే వేరు. ఆ పిల్లాడికి తన పేరు తెలుసు, అక్కడ తెలుసుకోవడం ఉండదు, తప్పించుకోవడం ఉంటుంది. రచయితలు ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

ఎపిసోడ్‌ల లెక్క నన్ను వెయ్యమంటే ఇలా వేస్తాను. మొదటిది కాగితం దగ్గర ఆగాలి. రెండు, మూడు 'ఎవరో ఇచ్చారు' అన్న అబద్ధం మీద నడవాలి. డీఎన్ఏ నాలుగో ఎపిసోడ్ చివర. అయిదులో కన్నవాళ్లు. ఇక్కడ తొందరపడకూడదు, ఎందుకంటే వాళ్లు పోగొట్టుకున్నది పసిబిడ్డను, గుమ్మంలో నిలబడింది పెద్దమనిషి. వాళ్లు పెట్టిన పేరుతో పిలుస్తారు, ఆమె పలకదు. జాక్సన్‌విల్ అమ్మాయి పెంచినామెను బహిరంగంగా వెనకేసుకొచ్చింది. కేప్‌టౌన్ అమ్మాయి పెరిగిన పేరునే ఉంచుకుంది. ఆరు, ఏడు అరెస్టు, సాక్ష్యం. ఎనిమిది శిక్ష తర్వాతి ములాఖత్.

తెరమీద సరిగ్గా వాడుకోని కోణం ఇంకొకటుంది: పరీక్షే వద్దనే మనిషి. అర్జెంటీనాలో 1976-83 సైనిక పాలనలో సైన్యం పట్టుకెళ్లి మాయం చేసినవాళ్ల పిల్లలను వేరే ఇళ్లలో పెంచారు, కొందరు సైనికుల ఇళ్లలోనే పెరిగారు. తల్లిదండ్రులు బతికిలేరు కాబట్టి అమ్మమ్మ, నానమ్మలే వెతికారు. వాళ్ల రక్తంతో మనవల్ని తేల్చే పద్ధతికి జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ సాయపడింది, 1987లో జాతీయ జన్యు బ్యాంకు పెట్టారు. పెరిగి పెద్దయినవాళ్లలో కొందరు రక్తం ఇవ్వనన్నారు, పెంచినవాళ్లు జైలుకెళ్తారని. 2009లో వచ్చిన చట్టంతో కోర్టు ఆజ్ఞ మీద వాళ్ల వస్తువుల నుంచి నమూనా తీసుకునే వీలు కలిగింది. పోలీసులు ఇంటికొచ్చి టూత్‌బ్రష్ పట్టుకెళ్తుంటే, నేనెవరో నాకు చెప్పొద్దని అడ్డం నిలబడే మనిషిని ఊహించండి. అక్కడ హీరో ఎవరు, విలన్ ఎవరు?

ఇలాంటి సిరీస్ చూడబోయేముందు మంచిదో కాదో పట్టాలంటే ట్రైలర్ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఎత్తుకొచ్చారన్న సంగతి ట్రైలర్‌లోనే చెప్పేసి, మొదటి ఎపిసోడ్ మొత్తం దాన్నే దాచిపెడుతూ నడిపితే మూడో ఎపిసోడ్‌కు మీరనుభవించిందే మళ్లీ అనుభవిస్తారు. ట్రైలర్‌లో చెప్పేసి, మొదటి పావుగంటలోనే ఆమెకూ చెప్పేస్తే, ఆ రాసినవాళ్ల దగ్గర ఇంకేదో ఉందన్నమాట. అలాంటిదాన్ని నాలుగో ఎపిసోడ్ దాకా చూడండి. పెంచినామె అప్పటికీ బతికుండి, మాట్లాడుతూ ఉంటే చివరిదాకా చూడొచ్చు.