‘ఇంత పెట్టాక ఇప్పుడు ఆపేస్తే ఎలా?’ అంటున్నారు మా వారు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఐదేళ్ల కిందట మా వారు మూడెకరాల వరి చేను చెరువు చేసి వనామి రొయ్య వేశారు. మొదటి రెండు పంటలు బాగా వచ్చాయి, డాబా వేసుకున్నాం. ఆ ధైర్యంతో పక్కన ఇంకో నాలుగెకరాలు లీజుకు తీసుకున్నారు. అక్కణ్నుంచి వరసగా మూడు పంటలు పోయాయి. రెండుసార్లు వైట్ స్పాట్ (తెల్ల మచ్చ) జబ్బు, ఒకసారి పట్టుబడి వేళకి రేటు పడిపోయింది. నా బంగారం బ్యాంకులో ఉంది. మేత కొట్టులో అప్పు కాక, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది వేరే. ఇప్పుడు అంబాజీపేట దగ్గర మా నాన్నగారు పసుపు కుంకుమ కింద నా పేరున రాసిన అర ఎకరం కొబ్బరి తోట అమ్మి, మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వేస్తానంటున్నారు. వద్దంటే ‘ఇంత పెట్టాక ఇప్పుడు ఆపేస్తే అంతా పోయినట్టే కదా, ఒక్క పంట తగిలితే అన్నీ తీరిపోతాయి’ అంటారు. రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే కంచం వదిలేసి చెరువు గట్టుకి వెళ్లిపోతున్నారు. సరిగా నిద్రపోరు. మొన్న ‘నేను పోతే మీకు పీడ వదులుతుంది’ అన్నారు. మా అత్తగారేమో నా ఏడుపు వల్లే పంటలు పోతున్నాయంటున్నారు. పైసా పైసా లెక్క చూసుకునే మనిషి ఇంత మూర్ఖంగా ఎలా మారిపోయారు? ఎలా ఆపాలి?

- ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, చెరువు, తోట, అప్పుల సంగతి తరవాత చూద్దాం. ముందు మీ వారు మొన్న అన్న మాట. అది కోపంలో వచ్చిందిలే అని వదిలేయకండి. పక్కన కూర్చుని ‘నిజంగా చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదు. అడిగేవాళ్లు ఒకరున్నారని తెలిస్తే మనిషికి కొంత బరువు దిగుతుంది. ఇంట్లోనూ చెరువు షెడ్డులోనూ ఉన్న పురుగు మందులన్నీ తాళంలో పెట్టి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్లు పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడనంటే మీరే చేసి ఏం చేయాలో అడగండి. నిద్ర ఇలాగే పట్టకపోతే ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి.

ఇక మీరు అడిగిన ప్రశ్న. మీ వారు మూర్ఖంగా మారిపోలేదు. లాభాల్లో ఉన్నప్పుడు లెక్క చూసుకున్న ఆ మనిషే నష్టాల్లో పడ్డాక తెగిస్తున్నారు. ఇది ఆయన ఒక్కరి గుణం కాదు. 1979లో డేనియల్ కానమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన వ్యాసంలో దీన్ని స్పష్టంగా చూపించారు. ‘ఖాయంగా 3000 తీసుకుంటారా, లేక 4000 వచ్చే అవకాశం నూటికి 80 పాళ్లు, ఏమీ రాకపోయే అవకాశం 20 పాళ్లు ఉన్న పందెం ఆడతారా?’ అని అడిగితే 80 శాతం మంది ఖాయంగా వచ్చే 3000 చాలన్నారు. అదే ప్రశ్నను నష్టం వైపు తిప్పి, ‘ఖాయంగా 3000 పోగొట్టుకుంటారా, లేక 4000 పోయే అవకాశం 80 పాళ్లు, ఏమీ పోకుండా బయటపడే అవకాశం 20 పాళ్లు ఉన్న పందెం ఆడతారా?’ అన్నారు. ఈసారి 92 శాతం మంది పందానికే మొగ్గారు. సగటు వేసి చూస్తే ఆ పందెంలో పోయేది 3200. ఖాయంగా పోయేదానికన్నా ఎక్కువే. అయినా ఏమీ పోకుండా బయటపడే ఆ చిన్న ఆశ కోసం ఒప్పుకున్నారు. ఒక రూపాయి వచ్చినప్పటి సంతోషం కన్నా ఒక రూపాయి పోయినప్పటి బాధ దాదాపు రెండింతలుంటుందని వాళ్ల తరవాతి లెక్కలు చెప్పాయి. కానమన్‌కి 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

‘ఒక్క పంట తగిలితే’ అని మీ వారు అంటున్నప్పుడు పని చేస్తున్నది ఈ ఆశే. ఆపేస్తే అంతా పోయినట్టే అంటున్నారు. నిజానికి ఆ డబ్బు ఎప్పుడో పోయింది, చచ్చిన రొయ్యలు గట్టు పక్కకి తేలిన రోజునే పోయింది. కానీ చెరువు నడుస్తున్నంత కాలం ఆ లెక్క ఇంకా తేలలేదని మనసు నమ్ముతుంది. ఆపిన రోజున మాత్రం ‘నేను ఓడిపోయాను’ అని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు దగ్గరే మనుషులు ఆగిపోతారు. మన వైపు ఇది మరీ కష్టం. ఉండి, ఆకివీడు, కైకలూరు దాకా ఎటు చూసినా చెరువులే. పంట తగిలినవాడి డాబా రోడ్డు మీదికి కనబడుతుంది, పోయినవాడి ప్రోనోటు బీరువాలో ఉంటుంది. అందుకే మిగతా అందరూ బాగుపడుతున్నారని, తనొక్కడే వెనకబడ్డానని ఆయనకు అనిపించడంలో వింత లేదు.

ఇంకో సంగతి మీకు కొంచెం కష్టంగా ఉన్నా చెప్పాలి. అమెరికాలో బ్యారీ స్టా అనే పరిశోధకుడు 1976లో బిజినెస్ విద్యార్థుల చేత ఒక కంపెనీ డబ్బును విభాగాలకు పంచే ఆట ఆడించారు. మొదటిసారి డబ్బు ఎవరికివ్వాలో తామే నిర్ణయించి, అది నష్టంలో పడ్డట్టు చూసినవాళ్లు, రెండో విడతలో మళ్లీ అదే విభాగానికి ఎక్కువ ఇచ్చారు. తప్పు తనదని వేలెత్తి చూపేకొద్దీ మనిషి తాను చేసింది సరైనదేనని నిరూపించడానికి ఇంకా పెడతాడు. అంచేత ‘నేను ముందే వద్దన్నాను’ అనే మాట మీ ఇంట్లో వినబడుతుంటే ఈ రోజుతో మానేయండి. దానికి బదులు, ‘ఏమండీ, చెరువు వేద్దామన్నప్పుడు నేనూ సరేనన్నాను, డాబా వేసినప్పుడు నేనూ సంతోషపడ్డాను, పోయింది మన ఇద్దరిదీ’ అనండి. భారం పంచుకుంటే ఆయనకు వెనక్కి తగ్గే దారి దొరుకుతుంది.

ఎప్పుడు, ఎక్కడ మాట్లాడతారన్నది కూడా ముఖ్యం. తమిళనాడులో 464 మంది చెరుకు రైతులను కోతకు ముందు ఒకసారి, కోతయి డబ్బు చేతికొచ్చాక ఒకసారి పరీక్షించారు. ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. అదే రైతు డబ్బుకి కటకటగా ఉన్నప్పుడు ఆలోచన పరీక్షల్లో బాగా వెనకబడ్డాడు. తెలివి తగ్గి కాదు, బుర్రంతా అప్పుల లెక్కలతో నిండిపోయి. రాత్రంతా అప్పుల ఆలోచనతో నిద్రపట్టని మనిషితో తొమ్మిదింటికి కంచం ముందు అప్పుల లెక్క తీస్తే లాభం లేదు. ఇప్పటికే మీ ఇంట్లో అదొక అలవాటుగా ముదిరింది. కంచం పెట్టగానే మీకు మాట వస్తుంది, ఆయన లేచిపోతారు. అలవాటు చోటునీ వేళనీ పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ రెండూ మార్చండి. భోజనం దగ్గర డబ్బు మాట పూర్తిగా మానేసి, పొద్దున కాఫీ తాగే వేళ అడగండి.

అప్పుడైనా ‘ఆపేద్దాం’ అనొద్దు. తెల్ల కాగితం ఒకటి తీసుకుని ఒక్క ప్రశ్న వేయండి. ‘మనకి ఇంతవరకు చెరువే లేదనుకుందాం. ఇవాళ ఎవరో ఈ లీజు, ఈ సీడ్ రేటు, ఈ మేత రేటు చెప్పి దిగమంటే దిగుతామా?’ లీజు, సీడ్, మేత, కరెంటు, డీజిలు, మందులు, కొత్తగా తెచ్చే డబ్బుకి వడ్డీ ఒక పక్క రాయండి. పంట బాగా వస్తే ఎంత, మధ్యలో జబ్బొచ్చి 100 కౌంటుకే (కిలోకి వంద రొయ్యలు తూగే చిన్న సైజులోనే) పట్టేయాల్సి వస్తే ఎంత, రెండూ ఇంకో పక్క రాయండి. పాత నష్టాలు ఆ కాగితం మీదికి రాకూడదు. పాత అప్పు వడ్డీ పంట వేసినా వేయకపోయినా కట్టాల్సిందే కాబట్టి అదీ రాయొద్దు. పైసా పైసా లెక్క చూసుకునే మనిషి అన్నారుగా, కలం ఆయన చేతికే ఇవ్వండి.

లెక్క తేలాక దారులు రెండే కాదు. లీజు నాలుగెకరాలు వదిలేసి సొంత మూడెకరాల్లో పల్చగా వేసుకోవచ్చు. చెరువు బాగా ఎండబెట్టి, వైరస్ ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష చేయించిన సీడే తెచ్చుకోవచ్చు. సొంత చెరువే ఎవరికైనా లీజుకిచ్చి ఒక ఏడాది ఊపిరి పీల్చుకోవచ్చు. మత్స్యశాఖ వాళ్లను పిలిచి నీళ్లు, మట్టి చూపిస్తే మూడో మనిషి మాట కూడా తోడవుతుంది. మళ్లీ వేయడమే సరైనదని లెక్క చెబితే వేయండి, దానికి నేను వ్యతిరేకం కాదు. కాకపోతే సీడ్ దించక ముందే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే ‘ఈసారి ఇంత పోతే ఆగుతాం’ అని అంకె రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. రొయ్య తేలడం మొదలైన రాత్రి అలాంటి నిర్ణయం ఎవరి వల్లా కాదు.

తోట సంగతి. మీ పేరున ఉంది కాబట్టి మీ సంతకం లేకుండా అమ్మడం కుదరదు. ఆ కాగితం లెక్క తేలేదాకా సంతకం పెట్టకండి. మీ వైపు కూడా ఒకటి చూసుకోవాలి. మనదైన వస్తువుకి మనం వేసే వెల ఎప్పుడూ ఎక్కువే. 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థుల్లో కొందరికి మామూలు కాఫీ కప్పులిస్తే, వాళ్లు అమ్మడానికి అడిగిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. కప్పుకే అంత ఉంటే నాన్నగారిచ్చిన తోటకి ఎంతుంటుంది? 1996 తుఫానులో పడిపోయి మళ్లీ నాటుకున్న తోటలు కోనసీమలో ఎన్నో. మీదీ అలాంటిదైతే ఆ మమకారం నాకు అర్థమవుతుంది. అయినా నా అభిప్రాయం ఇది. తోట అమ్మక తప్పని రోజే వస్తే, ఆ డబ్బు మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చడానికి వెళ్లాలి. నీళ్లలోకి వెళ్లకూడదు.

మీ అత్తగారి మాట పట్టించుకుని కుంగిపోకండి. వైట్ స్పాట్ వైరస్ జబ్బు. సీడ్‌తో, కాలవ నీళ్లతో, పీతలతో వస్తుంది. ఎవరి ఏడుపుతోనూ రాదు. కారణం కనబడని నష్టానికి దగ్గర్లో ఉన్న మనిషిని కారణం చేయడం ఇళ్లలో జరుగుతూనే ఉంటుంది, పాపం మీ ఇంట్లో ఆ మనిషి మీరయ్యారు. ఆవిడతో వాదించొద్దు. కాగితం రాసే పొద్దున ఆవిడనూ పక్కన కూర్చోబెట్టండి. కొడుకు నిద్రపోకపోవడం ఆవిడా చూస్తూనే ఉన్నారు. ‘ఒక పంట కాలం చెరువు ఎండబెట్టరా అబ్బాయ్’ అనే మాట ఆవిడ నోట వస్తే మీ వారికి ఒప్పుకోవడం తేలిక.