ఆర్‌లో 5 కీ 5ఎల్ కీ తేడా పట్టించుకోవాలా?

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉత్త 5 అని రాస్తే న్యూమరిక్ (మామూలు సంఖ్య) అంటోంది, పక్కన ఎల్ తగిలిస్తే ఇంటిజర్ (పూర్ణాంకం) అంటోంది, ఏది వాడాలి అని కదా మీరడిగింది. నేనైతే ఎల్ పెట్టి రాసేది చాలా తక్కువ. పెట్టకపోతే ఆర్ దాన్ని డబుల్‌గా, అంటే దశాంశాలు కూడా పట్టే రకంగా దాచుకుంటుంది. మామూలు లెక్కలకు అది చాలు. పైగా ఇంటిజర్‌కి హద్దు 214,74,83,647. రూపాయల్లో ఏ పథకం ఖర్చో కూడితే అది ఇట్టే దాటిపోతుంది. ఇంటిజర్లను ప్లస్ గుర్తుతో కూడుతూ హద్దు దాటితే ఆర్ ఒక వార్నింగ్ పడేసి, మొత్తం బదులు ఎన్‌ఏ (విలువ లేదనే గుర్తు) చేతిలో పెడుతుంది. ఇంటర్వ్యూల్లో మాత్రం ఈ ఎల్ గురించే గుచ్చి గుచ్చి అడుగుతారు, ఎందుకో మరి.

అసలు దెబ్బ తగిలేది వేరేచోట. మా ఆఫీసుకు ఒకసారి చెల్లింపుల ఫైలు వచ్చింది. ఒక్కో లావాదేవీకీ 18 అంకెల నంబరు. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని ఆర్‌లో ఫైళ్లు చదివే రీడ్ సీఎస్‌వీతో ఎక్కించి, "అన్నా, డూప్లికేట్లు బోలెడున్నాయి, తీసేశా" అన్నాడు. తీరా చూస్తే క్లయింటు చెప్పిన మొత్తానికీ మా మొత్తానికీ పొంతన లేదు. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాం. పక్కపక్క వరుసల్లో ఒక నంబరు చివర 41, ఇంకోదాని చివర 43. ఆర్‌లో అంకెలన్నీ విప్పి చూపించమంటే రెండూ అచ్చంగా ఒకటే! డబుల్ పూర్ణాంకాలను ఒక్కటీ తప్పకుండా పట్టుకునేది 9,007,199,254,740,992 వరకే, అంటే 16 అంకెలు. ఆపైన దగ్గర్లో ఉన్నదానికి సర్దేస్తుంది, అదీ చడీచప్పుడు లేకుండా. ఎన్‌ఏ వచ్చినా బాగుండేది, కనీసం కళ్లబడేది. కుర్రాడిని మీటింగులో అందరి ముందూ కడిగేశారు గానీ, తప్పు వాడిది కాదంటాను. ఎక్సెల్ ఇంకా ఘోరం, 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలు చేసేస్తుంది.

కాబట్టి కూడడానికీ తీసేయడానికీ పనికిరాని నంబరు ఏదైనా సరే, ఫోను, ఖాతా, ఆధార్, ఫైలు చదివేటప్పుడే కాల్‌క్లాసెస్‌లో (ఏ కాలమ్ ఏ రకమో చెప్పే చోట) క్యారెక్టర్, అంటే అక్షరాలు, అని చెప్పేయండి. ఆధార్ 12 అంకెలే కనుక డబుల్‌లో పడుతుంది, ఇంటిజర్‌లో పట్టదు. ఖాతా నంబరు సున్నాతో మొదలైతే మాత్రం, సంఖ్యగా చదివితే ఆ సున్నా ఎగిరిపోతుంది.

ఇంకో గోల. లక్ష అని అంకెల్లో కొడితే ఆర్ 1ఈ+05 (ఒకటి పక్కన ఐదు సున్నాలు) అని చూపిస్తుంది, లక్షన్నరను మాత్రం శుభ్రంగా 150000 అంటుంది. రిపోర్టులో అలాగే వెళ్లిపోతే ఫోన్లు మొదలవుతాయి. ఆర్ ఆప్షన్స్‌లో, ఈ ఈ-రాతను ఎంత తప్పించాలో చెప్పే సైపెన్‌ని 999 చేసి పెట్టుకోండి.