హిరోషిమా నుంచి ఒసాకా వెళ్తూ ఒనోమిచిలో ఆగొచ్చా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఇద్దరం శాకాహారులం

మీరు అడిగింది ఇదీ: మే నెలలో అమ్మగారితో (64 ఏళ్ళు) జపాన్ వెళ్తున్నారు, హిరోషిమాకీ ఒసాకాకీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంది, ఒనోమిచి ఫొటోలు చూసి ముచ్చటపడ్డారు, కానీ ఆ ఊరంతా మెట్లేనని ఎవరో భయపెట్టారు.

ఆగొచ్చండీ. భయపెట్టినవాళ్ళు చెప్పిందీ అబద్ధం కాదు. ఒసాకాలో రెండేళ్ళు ఉద్యోగం చేసినప్పుడు నేను ఆ ఊరికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఒక్కణ్ణే, ముందూ వెనకా చూసుకోకుండా. రెండోసారి మా నాన్నతో, ఆయనకప్పుడు 68, అదీ మే నెలలోనే. ఆ రెండో ప్రయాణమే మీకు పనికొస్తుంది. పొద్దున వచ్చి సాయంత్రం పోయే ఊరు కాదది. ఒక రాత్రి ఉండండి. కాకపోతే కొండ మీద కాదు, కింద.

ఎందుకంటారా? మొదటిసారి నేను కొండ వాలులో ఒక గెస్ట్‌హౌస్‌లో గది తీసుకున్నా. పాత చెక్క ఇల్లు, బాగుచేసి నడుపుతున్నారు, కిటికీ తీస్తే సముద్రం. స్టేషన్ నుంచి పది నిమిషాలని మ్యాప్ చూపించింది. ఆ పది నిమిషాల్లో ఎన్ని మెట్లున్నాయో మ్యాప్ చెప్పదు కదా! చక్రాల పెట్టెని నెత్తిన ఒకసారి, భుజాన ఒకసారి మార్చుకుంటూ, మలుపుకోసారి కూలబడుతూ ఎక్కాను. కూరగాయల సంచితో ఒక ముసలావిడ నన్ను దాటుకుని తాపీగా పైకెళ్ళిపోయింది. టాక్సీ పిలుద్దామంటే బండి వచ్చే దారే లేదు. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు గోడకి ఒత్తిగిలాల్సిన సందులవి.

ఆ సందుల వెనక ఒక కథ ఉంది. జపాన్ చట్టం ప్రకారం కనీసం 4 మీటర్ల వెడల్పున్న రోడ్డుకి స్థలం 2 మీటర్లయినా ఆనుకుని ఉంటేనే కొత్త ఇల్లు కట్టనిస్తారు. కొండ వాలులో అలాంటి రోడ్డు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉన్న ఇల్లు కూలిస్తే మళ్ళీ కట్టుకోలేరు. దాంతో పెద్దవాళ్ళు పోయాక ఇళ్ళు తాళాలు పడి అలాగే ఉండిపోయాయి. 2007 నుంచి అక్కడి వాళ్ళే ఒక సంఘంగా ఏర్పడి, ఆ ఖాళీ ఇళ్ళని బాగుచేసుకుని ఉంటామన్నవాళ్ళకి చూపిస్తున్నారు. నేను పెట్టె మోసిన ఇల్లూ ఆ బాపతుదే. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుంటే బాధంతా మరిచిపోయాను, అది వేరే సంగతి. అమ్మగారితో మాత్రం వద్దు. స్టేషన్ చుట్టుపక్కల, రేవు ఒడ్డున, చదును నేల మీద హోటళ్ళున్నాయి. పెద్ద పెట్టెల్ని హిరోషిమా హోటల్ నుంచే ఒసాకా హోటల్‌కి పార్సిల్ చేసేయండి. దాన్ని తక్క్యూబిన్ అంటారు, రిసెప్షన్‌లో అడిగితే వాళ్ళే చూసుకుంటారు. మీ చేతిలో ఒక రాత్రికి సరిపడా సంచి ఉంటే చాలు.

రైలు విషయంలో ఒక్క జాగ్రత్త. షిన్-ఒనోమిచి అని షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) స్టేషన్ ఒకటుంది. పేరు చూసి అక్కడ దిగకండి, అది ఊరికి దాదాపు 3 కిలోమీటర్లు లోపల ఉంటుంది, నింపాదిగా వెళ్ళే కొదామా రైళ్ళే ఆగుతాయి. ఫుకుయామా దాకా షింకన్‌సెన్‌లో వెళ్ళి, అక్కణ్ణుంచి సాన్యో లైను మామూలు రైలెక్కి ఇరవై నిమిషాలు వెనక్కి రావడం సుఖం. స్టేషన్ బయటికొస్తే ఎదురుగానే నీళ్ళు.

ఊరి అమరిక ఇంతే: ముందు సముద్రం, వెనక కొండ, ఆ రెంటికీ మధ్య ఇరుకు పట్టీలో రోడ్డూ బజారూ రైలు పట్టాలూ. సముద్రమంటే మన మైపాడు బీచిలాగా ఊహించుకోకండి. అలలుండవు, చూడ్డానికి పెద్ద కాలువలా ఉంటుంది, అవతలి ఒడ్డున ముకాయిషిమా ద్వీపం. 1169 నుంచి రేవు పట్టణం. లోపలి ఊళ్ళ పన్ను బియ్యం ఇక్కణ్ణుంచే ఓడలెక్కేది. ఆ తర్వాత వర్తకుల డబ్బంతా గుళ్ళకి పోయింది, అందుకే ఇంత చిన్న ఊళ్ళో అన్ని గుళ్ళు. 1891లో రైలొచ్చినప్పుడు వేరే చోటు లేక పట్టాల్ని గుళ్ళ ముంగిట్లోంచే వేసేశారు. జోదోజి గుడికి వెళ్ళే రాతి మెట్లు ఇప్పటికీ పట్టాల కింది నుంచి పోతాయి. లోపల 1327 నాటి ప్రధానాలయం, మరుసటి ఏడు కట్టిన తహోతో అనే రెండంతస్తుల గోపురం. రెండూ జాతీయ సంపద కింద లెక్క. చాలామంది దీన్ని వదిలేసి పిల్లుల సందుకి పరిగెడతారు. పిల్లులు వాటికి బుద్ధి పుడితే కనిపిస్తాయి, లేకపోతే పిల్లి బొమ్మలు వేసిన గుండ్రాళ్ళు చూసి రావడమే.

ఇక సెంకోజి. 806లో వెలిసిందని చెప్పే గుడి, కొండ నడుముకి ఎర్రగా అతుక్కుని ఉంటుంది. కింద బజారు దగ్గర రోప్‌వే ఎక్కితే మూడు నిమిషాల్లో కొండ మీద దింపుతుంది. శిఖరం మీద 2022లో కొత్తగా కట్టిన వ్యూ డెక్ ఉంది, దానికి లిఫ్టు కూడా ఉంది. అక్కడ నిలబడితే ద్వీపాలన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. చిక్కెక్కడంటే, గుడి శిఖరం మీద లేదు, కాస్త కిందికి మెట్లు దిగాలి. మా నాన్న గుడి దాకా బాగానే దిగారు. అక్కడొక పెద్ద బండరాయి ఉంది. పూర్వం దాని మీద రాత్రిళ్ళు వెలిగే మణి ఉండేదట, ఓడలకి అదే దీపం. విదేశీయుడెవడో దాన్ని ఎత్తుకుపోబోతే సముద్రంలో పడిపోయిందట. ఆ కథ విన్న హుషారులో "మళ్ళీ పైకెక్కేదేంది అబ్బయా, దిగేవాళ్ళం దిగిపోదాం పద" అన్నారు. సరేనన్నాను. తప్పు చేశాను. మోకాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే శిక్ష. కిందికి చేరేసరికి ఆయన కాళ్ళు వణుకుతున్నాయి, ఆ పూటంతా ఇంకెక్కడికీ వెళ్ళలేదు. అందుకని రోప్‌వేకి రానుపోను టికెట్ తీసుకోండి. గుడి దాకా దిగాలా వద్దా అనేది అమ్మగారు పైన నిలబడి మెట్లు చూసి తేల్చుకుంటారు.

మర్నాడు పొద్దున్నే రేవులో పడవెక్కి సెతోదా వెళ్ళండి, అది ఇంకో ద్వీపం మీది ఊరు. నలభై నిమిషాల ప్రయాణం. రోజుకి కొన్ని పడవలే, తిరుగు పడవ వేళ ముందే రాసిపెట్టుకోండి. ఒనోమిచి నుంచి షికోకు ద్వీపంలోని ఇమాబారి దాకా వంతెనల మీదుగా 70 కిలోమీటర్ల సైకిల్ దారి ఒకటుంది, షిమనామి కైదో అంటారు. మొదటిసారి నేను సెతోదా దాకా, అంటే దాదాపు 30 కిలోమీటర్లు, తొక్కి పడవలో వెనక్కి వచ్చాను. ఇన్నోషిమా వంతెన మీద కార్లు నెత్తి మీద పోతుంటే సైకిళ్ళు వాటి కింద ఇంకో అంతస్తులో పోతాయి. అదొక సరదా. అమ్మగారు ఉన్నారు కాబట్టి ఈసారికి సైకిల్ మరిచిపోండి, పడవ చాలు.

సెతోదాలో కోసాంజి అనే గుడి ఉంది. చరిత్రపరంగా పాతదేమీ కాదు. ఒసాకాలో ఇనుప గొట్టాల వ్యాపారం చేసి గడించిన ఒకాయన, తల్లి చనిపోయాక సన్యాసం పుచ్చుకుని, ఆవిడ పేరున 1936 నుంచి ముప్ఫై ఏళ్ళకి పైగా కట్టుకుంటూ పోయాడు. నిక్కో ఊరి గుడి ద్వారం లాంటి ప్రసిద్ధ కట్టడాలకి నకళ్ళు కట్టించాడు, రంగులు కాస్త ఎక్కువే. వెనక గుట్టంతా ఇటలీ నుంచి తెచ్చిన తెల్ల పాలరాయి, ఎండలో కళ్ళు తెరవలేం, చలవ కళ్ళద్దాలు తీసుకెళ్ళండి. రుచి తెలిసినవాళ్ళు ముక్కు విరుస్తారు. నాకైతే తల్లికోసం కట్టించిన పాత ఇల్లు లోపల చూశాక ఆ రంగుల మీద కోపం పోయింది.

ఆ ద్వీపం నిమ్మకాయల ద్వీపం. జపాన్‌లో నిమ్మకి హిరోషిమా జిల్లాదే మొదటి స్థానం. మాది గూడూరు, నాన్న నలభై ఏళ్ళు నిమ్మ మార్కెట్లో బతికిన మనిషి. మేలో తోటలు పూతమీదుంటాయి. పడవ దిగి కాస్త లోపలికి నడవగానే ఆ వాసనకి ఆయన ఆగిపోయారు. గుడీ గోపురం పక్కనపెట్టి, కొట్టు ముందు పేర్చిన కాయలు చేతిలోకి తీసుకుని నొక్కి చూసి తీర్పిచ్చేశారు: "ఇది మన నిమ్మ కాదురా. తోలు మందం, రసం తక్కువ. మన మార్కెట్లో దీన్ని పక్కన పడేస్తారు." అంటూనే నాలుగు కాయలు కొన్నారు. నాలుగు కాయలకి ఎంతిచ్చామో మాత్రం నేను ఆయనకి రూపాయల్లో చెప్పలేదు.

తిండి సంగతి కచ్చితంగా చెప్తాను. ఒనోమిచి రామెన్ (పులుసులో వేసిచ్చే నూడుల్స్) చాలా పేరున్నది, మీకు పనికిరాదు, పులుసు మీద పంది కొవ్వు తేలుతుంటుంది. ఉదోన్ అనే లావు నూడుల్స్‌లో మాంసం లేదుగా అనుకుంటారు, ఆ పులుసూ చేపదే. మేం చేసింది ఇది: కన్వీనియన్స్ స్టోర్లో వండిన తెల్లన్నం డబ్బాల్లో దొరుకుతుంది, హోటల్ మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే పొగలు కక్కుతుంది. చక్కెర లేని పెరుగు పక్క అరలోనే ఉంటుంది. అన్నం, పెరుగు, మన పచ్చడి. ఇంతకంటే ఏం కావాలి?

మే మొదటి వారంలో మాత్రం వెళ్ళకండి. గోల్డెన్ వీక్ సెలవులు, గదులు దొరకవు.

రాత్రి ఉండమన్నది ఎందుకో చెప్పలేదు కదూ. సాయంత్రం పర్యాటకులు వెళ్ళిపోయాక ముకాయిషిమా ఫెర్రీ ఎక్కండి. మన నరసాపురం పంటు లాంటిదే, కార్లూ సైకిళ్ళూ మనుషులూ అన్నీ కలిపి ఎక్కించుకుంటుంది. ఐదు నిమిషాల్లో అవతలి ఒడ్డు. టికెట్ కౌంటరేమీ లేదు, నేను వెళ్ళినప్పుడు 100 యెన్లు పడవ మీదే తీసుకున్నారు. బడి బట్టల్లో పిల్లలు సైకిళ్ళు పట్టుకుని ఇంటికెళ్తుంటారు. కొండ మీది ఇళ్ళలో ఒక్కొక్క దీపం వెలుగుతుంది. దీపం వెలగని ఇళ్ళెన్నో కూడా అప్పుడే తెలుస్తుంది. సెతోదా నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మేం దిగకుండా అటూ ఇటూ మూడుసార్లు తిరిగాం. మూడోసారి పడవవాడు నవ్వాడు.

గదికొచ్చి అన్నం వేడిచేశాక చూసుకుంటే మాగాయ సీసా లేదు, ఒసాకా పంపేసిన పెట్టెలో ఉండిపోయింది. నాన్న సంచిలోంచి కాయ తీసి కోసి, ఉప్పు అద్దుకుని పెరుగన్నంలో నంజుకున్నారు. రసం తక్కువన్న కాయే, ముక్క తోలుతో సహా నమిలేశారు. మీరు మాత్రం పచ్చడి సీసా చేతి సంచిలోనే పెట్టుకోండి.