కుక్క కరిచిన పిల్లల కోడి బతుకుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా తాడికొండ మండలం. పెరట్లో పది నాటుకోళ్లు ఉన్నాయి. మొన్న సాయంత్రం వీధి కుక్క పిల్లల కోడిని నోట కరుచుకుని పోతుంటే అరిచి విడిపించాం. వీపు మీద చర్మం చీలి వేలాడుతోంది. ఎడమ కాలు కింద ఆనించడం లేదు. గాయం మీద పసుపు దట్టంగా అద్దాం. నోట్లో నీళ్లు పోస్తే గుటక వేయడం లేదు, పక్కకు కారిపోతున్నాయి. దాని పిల్లలు ఎనిమిది, పుట్టి పన్నెండు రోజులు. ఊళ్లో పుంజులకు కుట్లు వేసే ఆయన కుట్టేస్తానంటున్నాడు. ఇంట్లో వాళ్లు కోసేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఇది బతుకుతుందా? (ఒక మహిళా రైతు)

జవాబు: అమ్మా, కుక్క పట్టిన కోళ్లలో చాలావరకు మొదటి రాత్రే పోతాయి. గాయం కంటే బెదురు, చలి ముందు ప్రాణం తీస్తాయి. మీ కోడి ఆ రాత్రి దాటింది కాబట్టి ఆశ ఉంది. కోయకండి.

కుట్లు మాత్రం వేయించవద్దు. ఆయన పనితనం గురించి కాదు నేను చెప్పేది. కత్తి గాయం వేరు, పంటి గాయం వేరు. కుక్క పన్ను లోతుగా దిగి లోపలి కండను నలిపేస్తుంది, నోటి మురికిని అక్కడే వదిలిపోతుంది. కోడి చర్మం వదులుగా అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి పైన కనిపించే చీలిక ఒకచోట, లోపలి గాయం ఇంకోచోట ఉంటాయి. పైగా కోడికి చీము మనలాగా పల్చగా కారదు, జున్ను ముక్కలా గట్టిపడి లోపలే కూర్చుంటుంది. పైన కుట్టేస్తే అది బయటకు వచ్చే దారి మూసుకుపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక పెట్టకు ఇలాంటి గాయాన్ని అందంగా కుట్టి పంపాను. మూడో రోజు తెచ్చారు, వీపంతా ఉబ్బి, వాసన వస్తోంది. దాన్ని కాపాడలేకపోయాను. అప్పటి నుంచి పంటి గాయాన్ని తెరిచే ఉంచి మాన్పుతున్నాను.

రెండోది, నోట్లో నీళ్లు పోయడం ఇప్పుడే ఆపండి. కోడి నోరు తెరిచి చూడండి, నాలుక మొదట్లోనే చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది గాలి గొట్టం. మనం పోసిన నీళ్లు సులువుగా అందులోకే పోతాయి. లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి, వేలితో ఒక్కో చుక్క ముక్కు పక్కన, అంచు మీద పెట్టండి. చుక్క లోపలికి జారగానే అదే తల ఎత్తి మింగుతుంది. ఓపిక పట్టాలి. గంటకోసారి పది చుక్కలైనా సరే. తనంతట తాను తాగడం మొదలుపెట్టాక మూకుడులో పోసి ముందు పెట్టండి. మేత కూడా అప్పుడే. నానబెట్టిన నూకలు, మెత్తగా ఉడికించిన కోడిగుడ్డు చిదిమి కొద్దికొద్దిగా పెట్టండి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, వట్టి నూకలు చాలవు.

దాన్ని ఉంచే చోటు చీకటిగా, సందడి లేకుండా, వెచ్చగా ఉండాలి. అట్టపెట్టెలో ఊక పరిచి పైన గోనె సంచి వేస్తే చాలు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. దెబ్బ తిన్నాక ఆ వేడిని నిలుపుకోవడానికే ఒంట్లో శక్తంతా ఖర్చవుతుంది. ముసురు రోజుల్లో, రాత్రిళ్లు పెట్టెకు ఒక మూలగా 60 వాట్ల బల్బు పెట్టండి. రెండో మూల చల్లగా ఉండాలి, వేడి ఎక్కువైతే కోడే అటు జరుగుతుంది. మే నెల ఎండల్లో మాత్రం బల్బు జోలికి పోవద్దు.

ఇక గాయం. మీరు అద్దిన పసుపు ఇప్పటికి రక్తంతో కలిసి పెచ్చు కట్టి ఉంటుంది. పసుపు మంచిదే, కానీ పెచ్చు కింద ఏం జరుగుతోందో మనకు కనబడదు. అర లీటరు నీళ్లు కాచి చల్లార్చి ఒక చిన్న చెంచా ఉప్పు కలపండి. సూది తీసేసిన సిరంజితో ఆ నీటిని గాయం మీద చిమ్ముతూ పెచ్చును నానబెట్టి వదిలించండి, గోకవద్దు. చుట్టూ ఈకలు పీకకుండా కత్తెరతో కత్తిరించండి. పీకితే చర్మం మళ్లీ చీలుతుంది. తర్వాత పొవిడోన్ అయోడిన్ మందును పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి రోజుకు రెండుసార్లు తడపండి. కిరోసిన్, కాఫీ పొడి, సున్నం వద్దు. ఈ పని చేసేటప్పుడు కోడి రొమ్మును గట్టిగా నొక్కి పట్టుకోకండి. దానికి రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, అయ్యాక సబ్బుతో బాగా కడుక్కోండి, కుక్క చొంగ తగిలిన గాయం కదా.

ఈకల మొదళ్లలో బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి గింజలు అంటుకుని ఉన్నాయేమో వెలుతురులో చూడండి. అవి ఈగ గుడ్లు. ఒక్క రోజులో పురుగులవుతాయి. ఈ ఒక్కటీ చూసుకోక పోగొట్టుకున్న కోళ్లు నాకు చాలా తెలుసు. గుడ్లుంటే ఆ ఈకలను కత్తిరించేయండి, పురుగులుంటే పట్టకారుతో ఒక్కొక్కటీ తీయండి. పెట్టె మీద పాత దోమతెర కప్పి ఉంచండి.

మరో మాట. ఈపాటికి గాయం చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారి ఉంటే కుళ్లిందని కంగారు పడకండి. మనకు దెబ్బ తగిలితే నీలంగా కమిలినట్టే కోడికి ఆకుపచ్చగా కములుతుంది. రంగును బట్టి కాదు, వాసనను బట్టి తేల్చుకోండి. చెడు వాసన ఉంటే ప్రమాదం. వేలాడే చర్మం ఎండి నల్లబడి కొన్నాళ్లకు దానంతటదే ఊడిపోతుంది, లాగవద్దు.

కాలి సంగతి: వేలిని మెల్లగా గిచ్చండి. కాలు వెనక్కు లాక్కుంటే నరం బాగుంది. రెండు కాళ్లూ తొడ నుంచి కింద దాకా పోల్చి తడమండి. ఎక్కడైనా వాచి, కదిలిస్తే లోపల కరకరమంటే ఎముక విరిగినట్టు. పొలుసులున్న కింది భాగంలో విరిగితే దూది చుట్టి, కొబ్బరి ఈనెలు రెండు పక్కలా పెట్టి కట్టు కట్టవచ్చు. మర్నాడు వేళ్లు వాచినా, చల్లబడినా కట్టు బిగువైందని అర్థం, వదులు చేయండి. తొడ ఎముకైతే ఇంట్లో కట్టు కట్టలేం. ఏ ఎముకైనా అతుక్కోవడానికి మూడు వారాలు కదలకుండా ఉంచాలి.

పిల్లలను తల్లితో ఒకే పెట్టెలో వదలకండి. ఎర్రగా కనిపిస్తే పొడిచే గుణం పన్నెండు రోజుల పిల్లకూ ఉంటుంది. అలాగని దూరం చేయకండి. పక్కనే గంపలో బల్బు కింద ఉంచితే వాటి కూత తల్లికి వినబడుతుంది. పిల్లల పిలుపు విని మేత ముట్టిన తల్లులను చూశాను నేను.

ఇవన్నీ చేసినా డాక్టర్‌కు చూపించడం తప్పదు. పంటి గాయానికి యాంటీబయాటిక్ కావాలి, అది కోడి బరువును బట్టి ఇవ్వాలి. ఇప్పటికే రెండు రోజులు గడిచాయి, రేపటి దాకా ఆగకండి. మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులను అడగండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. ఎముక విరిగిందనిపిస్తే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లవచ్చు. ఇంట్లో మనుషులు వాడే నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. మందు వాడాక గుడ్లు, మాంసం ఎన్నాళ్లు తినకూడదో డాక్టర్‌ను అడిగి రాసుకోండి.

రోజూ పొద్దున్నే మూడు చూడండి. తురాయి పాలిపోయిందా, ఎర్రబడుతోందా. మెడ కింద మేత సంచిలో రాత్రి తిన్నది అరిగిందా. రెట్ట పడిందా. రెట్ట వట్టి ఆకుపచ్చగా, నీళ్లలా ఉంటే మేత అందడం లేదని తెలుసుకోండి. చర్మం కింద బుడగలా గాలి చేరి, నొక్కితే చిటపటమంటే లోపలి గాలి తిత్తి చిల్లు పడినట్టు. డాక్టర్ ఆ గాలి తీసేస్తారు. నోరు తెరుచుకుని రొప్పుతున్నా, మెడ నిలపలేకపోయినా ఆ రోజే తీసుకెళ్లండి. పేగులు బయటపడి ఉంటే మాత్రం దాన్ని బాధ పెట్టకుండా సాగనంపడమే న్యాయం. మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ లేదు.

గాయం మీద పొడి చర్మం వచ్చి ఈకలు మొలిచేదాకా, అంటే సుమారు నాలుగు వారాలు, మందలో కలపకండి. కలిపే ముందు రెండు మూడు రోజులు గంప కింద మూసి మిగతా కోళ్ల మధ్యే ఉంచండి. తర్వాత చీకటి పడ్డాక గూట్లో వదిలితే పొద్దున్నకి పాత కోడిలాగే కలిసిపోతుంది.