రాయి ఫొటోతో ఆగిపోకండి, రిజిస్టరు కూడా చూడండి

‘పూర్వీకుల సమాధుల వివరాలు సేకరిస్తున్నాను, దొరికినవి ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టొచ్చా, పోయినవాళ్లకు అమర్యాద అవుతుందా?’ అని అడిగారు. నిక్షేపంగా పెట్టండి. నన్నడిగితే దాచుకోవడమే అమర్యాద.

మా నాన్నమ్మ వాళ్ల నాన్నగారి సమాధి వెతుక్కుంటూ నేనూ మా చిన్నాన్నా వెళ్లాం. రాయి దొరికింది గానీ అక్షరాలు అరిగిపోయాయి. ఎవరో ఇనుప బ్రష్షుతో తోమిన గీతలు కనబడుతూనే ఉన్నాయి. అలాంటివాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాత రాయికి బ్లీచింగూ యాసిడూ తగలనివ్వకూడదు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు, అదీ రాయి పెచ్చులూడకుండా గట్టిగా ఉంటేనే.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఎంత చూసినా పేరు కనబడలేదు. అక్కడ కాపలా ఉండే పెద్దాయన ఇంట్లోంచి అద్దం తెచ్చి, రాయి పక్కగా నిలబడి ఏటవాలుగా వెలుగు కొట్టాడు. చెక్కిన గుంటల్లోకి నీడ దిగింది. పేరు, దాని కింద సంవత్సరం తేలాయి. చిన్నాన్న ఒక్కో అక్షరం వేలితో తడుముతూ చదివాడు.

ఇక చాలు, పోదాం పదమన్నాడు. నేను ఒప్పుకోలేదు. చర్చిలో భూస్థాపన రిజిస్టరు తీయించాం. రాయి మీది వయసుకీ అందులోని వయసుకీ పొంతన లేదు. అది ఎక్కడైనా ఉండేదే, ఆ పూట ఇంట్లోవాళ్లు ఎంత చెబితే అంత రాసుకుంటారు. అసలు సంగతి కింది వరుసలో ఉంది. అదే ఇంటిపేరు, పక్క సమాధి నంబరు, పేరు ఉండాల్సిన చోట ‘శిశువు’ అని ఒక్క మాట. నాన్నమ్మకు ఇంకో తోబుట్టువు ఉండేదని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ చోట రాయి లేదు, గడ్డి మాత్రమే ఉంది. రాళ్ల ఫొటోలే నమ్ముకునేవాళ్లకు ఆ బిడ్డ పుట్టనట్టే లెక్క.

అందుకే రిజిస్టరు అంటున్నాను. ఇంగ్లండు చర్చి రిజిస్టర్లలో 1813 నుంచి పేరు, నివాసం, ఖననం తేదీ, వయసు, జరిపించిన పాదిరి సంతకం, అన్నిటికీ అచ్చు గడులున్నాయి. అంతకుముందువి చాలాచోట్ల పేరూ తేదీతో సరి. ఇలాంటి పుస్తకాన్ని కష్టపడి ఎత్తిరాసుకుని, ‘నా పరిశోధన’ అంటూ బీరువాలో పెట్టుకునే పెద్దమనుషులున్నారు. ఆ పేర్లు వాళ్ల సొత్తా? ఫొటోలో పేరు మీదే పడేలా వాటర్‌మార్కు కొట్టేవాళ్లూ అదే బాపతు.

అయితే ఈమధ్యే పోయినవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. మరణవార్త కనబడగానే పరుగున పోయినవాళ్ల పేరిట ఆన్‌లైన్‌లో పేజీ తెరిచేవాళ్లను చూస్తే బాధేస్తుంది. సమాధుల వివరాలు అందరూ ఎక్కించే వెబ్‌సైటు, 1995లో మొదలైన ఫైండ్ ఎ గ్రేవ్‌లో, నాలుగు తరాల లోపు బంధువు అడిగితే పేజీని వాళ్లకు అప్పగించాలనే నియమం ఉంది. మంచి నియమం. చావుకు కారణం లాంటివి కుటుంబం అడగందే పైకి పెట్టకూడదు. యూదుల సమాధుల మీద బంధువులు పెట్టి వెళ్లిన చిన్న రాళ్లుంటాయి, ఫొటో బాగా రావాలని వాటిని పక్కకు నెట్టకండి.

ఫొటో తీసేటప్పుడు పేరు ఒక్కటే కత్తిరించి పెట్టకండి. చుట్టుపక్కల సమాధులు కూడా పడేలా ఇంకోటి తీయండి, వరుస, నంబరు రాయండి. తప్పుగా చెక్కిన స్పెల్లింగు ఉన్నదున్నట్టే ఎక్కించి, మీ అనుమానం విడిగా పెట్టండి. రాయి లేని చోటు కూడా ఎక్కించండి.